ఆ గడ్డి ఎవరు కోస్తారు?

సినిమా పాటల పుణ్యమా అని స్విట్జర్లాండ్ మనకు కొత్త ఊరేం కాదు. పల్లవికి పచ్చిక, చరణానికి మంచు, మధ్యలో వాద్యాలు మోగుతుంటే ఎర్ర రైలు ఒకటి వంతెన మీదుగా పోతుంది. అంత చలిలో హీరోయిన్ పలచటి చీరలో వణక్కుండా ఎలా నవ్విందో ఆ దేవుడికే తెలియాలి. ఆ కొండల్ని మన కళ్ళకు అంతగా అలవాటు చేసిన హిందీ దర్శకుడు యశ్ చోప్రాకు 2016లో ఇంటర్‌లాకెన్‌లో విగ్రహమే పెట్టారు. ఇన్ని పాటలు చూసినా ఏనాడూ తట్టని ప్రశ్న ఒకటి అక్కడికి వెళ్ళిన రెండో రోజు తెల్లవారుజామున నాకు తట్టింది. ఆ గడ్డి ఎవరు కోస్తారు?

ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. పిల్లనిచ్చేవాళ్ళు మిద్దె చూసేముందు దొడ్లో గడ్డివాము ఎత్తు చూసి వెళ్ళే రోజులు నాకు తెలుసు. అందుకే కాబోలు, అందరూ తలెత్తి మంచుకొండలు చూసే చోట నా చూపు కిందికే పోయింది.

జూరిక్ నుంచి బెర్న్, ఇంటర్‌లాకెన్ దాటి లాటర్‌బ్రునెన్‌లో రైలు దిగాం. ఆ పేరుకు తేట ఊటలని ఒక అర్థం, అన్నీ ఊటలే అని ఇంకో అర్థం చెబుతారు. రెండూ నిజమే. పూర్వం ఇక్కడ పారిన మంచునది కొండల మధ్య భూమిని పెద్ద దోనెలా తొలిచేసి వెళ్ళిపోయింది. అడుగు చదును. రెండు పక్కలా గోడ కట్టినట్టు నిట్టనిలువు రాయి. ఆ గోడల మీంచి ఎక్కడ పడితే అక్కడ నీళ్ళు దూకుతుంటాయి. డెబ్భైరెండు జలపాతాలంటారు. నేను పదకొండు దాకా లెక్కపెట్టి మెడ నొప్పెట్టి మానేశాను.

వాటిలో స్టౌబాఖ్‌ను మాత్రం వదిలిపెట్టలేం. దాని పేరుకు అర్థం దుమ్ము వాగు. 297 మీటర్ల పైనుంచి వాగులాగే బయలుదేరుతుంది, దారిలోనే నీళ్ళతనం పోగొట్టుకుంటుంది. మజ్జిగ చిలుకుతుంటే లేచే తుంపరలా విడిపోయి, గాలి ఎటు తోస్తే అటు ఊగి, కింద పొలం మీద తడిగా మాత్రమే వాలుతుంది. కింద నిలబడి చేయి చాచాను. నీళ్ళు పడ్డట్టే లేదు, చేయి మాత్రం తడిసింది. 1779లో కవి గేటే ఇక్కడ నిలబడి చూసి వెళ్ళి, మనిషి ప్రాణాన్ని నీళ్ళతో పోలుస్తూ కవిత రాశాడు. 1911లో ఇదే లోయలో కాలినడకన తిరిగిన టోల్కిన్ అనే కుర్రవాడు, పెద్దయ్యాక తన కథల్లోని రివెండెల్ లోయను దీన్ని తలచుకునే కట్టుకున్నాడు. అదే లోయలో ఇంకాస్త లోపలికి పోతే ట్రూమెల్‌బాఖ్ ఉంది. అది కొండ కడుపులో దూకే జలపాతం. మంచు బాగా కరిగే రోజుల్లో సెకనుకు ఇరవై వేల లీటర్ల నీళ్ళు చీకట్లో రాతిని తొలుచుకుంటూ దిగుతాయి. పక్కన నిలబడితే ఆ మోత అరికాళ్ళలోంచి ఎక్కుతుంది.

లోయ నుంచి కేబుల్ కారులో గ్రూచాల్ప్ దాకా, అక్కడ కొండ అంచు వెంబడి 1891 నుంచీ నడుస్తున్న బుల్లి రైల్లో మ్యూరెన్ దాకా వెళ్ళాం. మ్యూరెన్ 1,638 మీటర్ల ఎత్తున ఉంది. కార్లు లేవు. ఆంగ్లేయులు ఈ ఊరి వాలుల మీదే కొండ దిగే స్కీయింగ్‌ను పోటీ ఆటగా తీర్చిదిద్దారు. 1931లో ఆల్పైన్ స్కీయింగ్ తొలి ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగాయి. అందమైన ఊరే. కాకపోతే తన అందం తనకు తెలిసిన ఊరు. మేం అక్కడ ఆగలేదు. పసుపుపచ్చ బోర్డు ఒకటి గిమెల్‌వాల్డ్‌కు దారి చూపిస్తోంది. ఈ దేశంలో నడకదారుల బోర్డుల మీద కిలోమీటర్లు రాయరు, ఎంతసేపు పడుతుందో రాస్తారు. ‘ఇంకెంత దూరం’ అంటే ‘ఇంకో చుట్ట కాల్చే దూరం’ అని చెప్పే మా పల్లె పెద్దలకు ఈ పద్ధతి భలే నచ్చేది. బోర్డు చెప్పింది అరగంట పైచిలుకు. నా మోకాళ్ళు గంటంపావు చేశాయి.

"అత్తయ్యా, మెల్లగా, తొందరేం లేదు" అంటూ మా అల్లుడు సంచులు రెండూ తనే పట్టుకున్నాడు. మా అమ్మాయి ముందు నడిచింది.

1,363 మీటర్ల ఎత్తున గిమెల్‌వాల్డ్ ఒక రాతి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఊరి చివరి ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే అరుగు అయిపోతుంది, దాని కింద లోయ. జనం వంద పైచిలుకు. మ్యూరెన్‌లో లాగే ఇక్కడా కార్లు లేవు. ఇళ్ళన్నీ చెక్కతో కట్టినవి. ఎండ పడే దక్షిణపు గోడ బెల్లం పాకం ముదిరిన రంగుకు వచ్చింది. వాన కొట్టే పక్క బూడిద రంగుకు తిరిగింది. ఇంటి వయసు గోడను చూసి చెప్పొచ్చు. చూరు కింద దూలం మీద కట్టించినవాళ్ళ పేర్లు, కట్టిన సంవత్సరం, దేవుణ్ణి తలచుకుంటూ ఒక మాట చెక్కి ఉంటాయి. కిటికీల కింద ఎర్ర జెరేనియం పూలు. గోడవార శీతాకాలానికి పేర్చిన కట్టెలు, కోసిన ముఖాలన్నీ ఒకే వరుసలో, ముగ్గులో చుక్కలు పెట్టినంత లెక్కగా. దారి పక్కన తొలిచిన మానుతొట్టిలోకి ఊటనీళ్ళు రాత్రీపగలూ ధార కడుతున్నాయి. ఒక ఇంటి ముందు చిన్న ఫ్రిజ్, లోపల జున్నుముక్కలు, ధర రాసిన చీటీ, పక్కన డబ్బులేసే డబ్బా. మనిషి లేడు. చిల్లర లేక నేను రెండు ఫ్రాంకులు ఎక్కువే వేశాను.

మేం దిగిన ఇంటావిడకు డెబ్భై దాటి ఉంటాయి. వీపు కాస్త వంగింది, చేతులు మాత్రం ఇంకా పనిచేసే చేతులు. "గ్రూయెసెఖ్" అంది. ఆ బెర్న్ మండలంలో నమస్కారం అదే. నేను రెండు చేతులూ జోడించాను. ఆమె నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని అరచేతులు తడిమింది, ఏదో అంది. అల్లుడు నవ్వాడు. "మీరు కూడా పాలు పితికినవారేనట, అత్తయ్యా." నలభై ఏళ్ళ కిందటి సంగతి అది. ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈ లోయలో ఫాన్ ఆల్మెన్ అనే ఇంటిపేరు చాలామందికి ఉంది. అల్మెండ్ అంటే ఊరుమ్మడి బీడు. ఉమ్మడి బీడు దగ్గరివాళ్ళు అన్నమాట. మన దగ్గర పోరంబోకు అనే మాటను తిట్టు చేసుకున్నాం. ఇక్కడ దాన్ని ఇంటిపేరుగా తరతరాలు మోస్తున్నారు.

రెండో రోజు తెల్లారకముందే మెలకువ వచ్చింది. టంగ్... టంగ్... టంగ్... సన్నగా, ఓపిగ్గా, ఇనుము మీద ఇనుము చప్పుడు. కమ్మరి కొలిమేమో అనుకుని శాలువా కప్పుకుని బయటికొచ్చాను. ఇంటావిడ కొడుకు బల్ల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, బల్లలో దిగేసిన చిన్న దాగలి మీద కొడవలి అంచును సుత్తితో సాగగొడుతున్నాడు. కొడవలి అంటే మన చేతి కొడవలి కాదు. మూర పైన ఉండే వంపు అలుగు, దానికి మనిషెత్తు కర్ర, కర్రకు రెండు పిడులు. అంచును కాగితమంత పలచన చేసేదాకా ఒక్కో వేలెడూ జరుపుతూ కొడుతున్నాడు. తరవాత బొటనవేలి గోరు కింద అంచును నొక్కి చూశాడు. గోరు బరువుకే అంచు కొంచెం ఉబికి మళ్ళీ సర్దుకుంది. తల ఊపాడు. పదును వచ్చిందని.

అతని మొలకు నీళ్ళు పోసిన చిన్న గొట్టం ఉంది, అందులో సానరాయి. వాలు మీదికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను, కొంత దూరం. ఆ వాలు ఎంత ఏటవాలంటే అతని బూట్లకు ముళ్ళున్నాయి. మంచుతో తడిసిన గడ్డి నడుము దాకా ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము దగ్గర తిరిగి, కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపు. స్‌స్‌స్... పట్టుచీర మడత విప్పితే వచ్చే చప్పుడు అది. గడ్డి పడిపోవడం నాకు కనబడలేదు. ఉన్నచోటే నిలబడి, ఆలోచించి, ఒక పక్కకు ఒరిగినట్టుంది. మళ్ళీ స్‌స్‌స్. పది ఊపులకోసారి ఆగి, రాయి తీసి, అటూ ఇటూ రెండు గీతలు. మళ్ళీ స్‌స్‌స్. అతని వెనక అర్ధచంద్రాలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటూ వచ్చాయి.

కొయ్యని చోట కూర్చుని దగ్గరగా చూశాను. దాన్ని గడ్డి అనడం పూలకు అన్యాయం. నీలి గంటపూలు, పసుపు చుక్కలు, ఎర్ర క్లోవర్, తుంచితే వాముమొక్కను తలపించే వాసన వేసే అడవి థైమ్. చేమాకులా మడతలు పడ్డ ఒక గుండ్రటి ఆకు నడిమధ్యన ఒకే ఒక్క నీటిబొట్టు. తలకిందులైన కొండ, ఆకాశం, నా శాలువా రంగు, అన్నీ అందులో ఉన్నాయి. ఊదితే జారి పక్క మడతలోకి వెళ్ళి మళ్ళీ గుండ్రంగానే కూర్చుంది. మూడుసార్లు ఊదాను. ఆ వయసులో ఆ పని ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాను.

ఆ ఎత్తున దేవుడు పరిచిన పచ్చిక తక్కువ. అడవి ఉండే ఎత్తే అది. శతాబ్దాల కింద చెట్లు కొట్టి బీడు చేశారు, అప్పటినుంచీ ఏటా కోస్తున్నారు, మేపుతున్నారు. కోత ఆపేస్తే ముందు పొదలొస్తాయి, తరవాత స్ప్రూస్ చెట్లొస్తాయి. కొన్ని దశాబ్దాల్లో పూలు పోయి నీడ మిగులుతుంది. ఆల్ప్స్‌లో మనుషులు వదిలేసిన వాలుల మీద ఇదే జరుగుతోంది. ఇంకో సంగతి ఇంటావిడ చెబితే తెలిసింది. కొయ్యని గడ్డి శీతాకాలంలో వాలు వెంబడి కిందికి తల వాల్చి పడుకుంటుంది. దాని మీద పడ్డ మంచుకు అది జారుడుబండ. కోసిన మొదళ్ళయితే మంచును పట్టి నిలుపుతాయి. అంటే ఆ కొడవలి ఊపు పశువుకు మేత పెట్టడమే కాదు, ఊరి నెత్తిన మంచు జారకుండా కూడా కాస్తుంది. రోజూ పొద్దున్నే తుడిచి, కలాపి చల్లి, మళ్ళీ వేసే ముగ్గులాంటిది ఆ పచ్చదనం. మా సినిమావాళ్ళు కెమెరా పెట్టేసరికి ముగ్గు పూర్తయి ఉంటుంది. వేసినవాళ్ళు ఇంట్లోకి వెళ్ళిపోయి ఉంటారు.

ఈ గడ్డికి ఎంత లెక్కుందో చెప్పడానికి దక్షిణాన ‘వాలే’ అనే మండలంలో ట్యోర్బెల్ అనే ఊరుంది. శీతాకాలమంతా సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని సాకగలవో, వేసవిలో ఉమ్మడి కొండబీడు మీదికి అన్నిటినే తోలాలని ఆ ఊరివాళ్ళు 1517లోనే కాగితం మీద రాసుకున్నారు. అత్యాశకు వాళ్ళు వేసిన ముకుతాడు గడ్డివామే. ఉమ్మడి ఆస్తి అంటే ఎవరికి వారు దోచుకుని పాడుచేసేదేనని పండితులు వాదిస్తున్న కాలంలో, ఎలినార్ ఆస్ట్రమ్ అనే పండితురాలు తన 1990 నాటి పుస్తకంలో ఈ ఊరిని సాక్ష్యంగా నిలబెట్టింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మూడో రోజు ఆవుల్ని చూడ్డానికి పైకి వెళ్ళాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, సుమారు వంద రోజులు, అవి ఊళ్ళో ఉండవు. కింద గడ్డి శీతాకాలానికి, పైన గడ్డి ఇప్పటికి. ఆవులు కనబడకముందే వినబడ్డాయి. పోతపోసిన కంచు గంటల ఖణేల్, రేకు సాగగొట్టి చేసిన పెద్ద గంటల డొంగు డొంగు. ఒక్కో మెడకు ఒక్కో స్వరం. మలుపు తిరిగేసరికి ఎరుపు తెలుపు మచ్చల సిమెంటాల్ ఆవులు వాలంతా పరుచుకుని మేస్తున్నాయి. మా ఒంగోలు గిత్తల రాజసం వీటికి లేదు, మూపురమే లేదు. కానీ ఒకటి దగ్గరికొచ్చి ఆకురాయిలాంటి నాలుకతో నా చేతిని నాకింది. ఆ గరుకు ఏ దేశంలోనైనా ఒకటే.

పైన గుడిసెలో కట్టెల పొయ్యి మీద రాగి గంగాళం వేలాడుతోంది. నేను లోపల నిలబడింది గంటన్నర. రాత్రి పాలు, పొద్దుటి పాలు కలిపి గోరువెచ్చగా కాచి, దూడ కడుపులోంచి తీసిన తోడు వేశారు. ఆ సంగతి విని కొంచెం తటపటాయించిన మాట నిజం. పాలు పెరుగులా బిగిశాక తీగలు కట్టిన చట్రాన్ని గుండ్రంగా తిప్పి గోధుమనూక అంత ముక్కలయ్యేదాకా కోశారు. మళ్ళీ వేడి పెంచారు. జున్ను చేసే ఆయన చేయి ముంచి ఒక గుప్పెడు తీసి పిండి, వేళ్ళు విప్పి, బొటనవేలితో నలిపి చూశాడు. థర్మామీటరు గోడకే వేలాడుతోంది, దానివంక చూడలేదు. ఆ తరవాత జరిగింది చూడటానికే మళ్ళీ అక్కడికి వెళ్ళొచ్చు. పలచని గుడ్డ ఒక అంచును ఉక్కు బద్దకు చుట్టాడు. రెండో అంచు కొనల్ని పళ్ళతో కరిచిపట్టాడు. గంగాళం మీదికి నడుము దాకా వంగి, ఆవిరిలో ముఖం కనబడకుండా పోయి, బద్దను అడుగున అవతలి అంచు నుంచి తన వైపు గీరుకుంటూ లాగాడు. లేచేసరికి గుడ్డలో బిడ్డలా బరువు. నీరు ధారగా కారుతోంది, ఆ తేట పందులకు పోతుంది. మూట అచ్చులోకి దిగింది, మీద బరువు పడింది.

అలా తయారైన జున్ను నెలల తరబడి ఉప్పునీటి గుడ్డతో తుడిపించుకుని ముదురుతుంది. ఒకటిన్నర ఏడాది దాటినదాన్ని చిత్రిక పట్టినట్టు పలచగా గీసి, చుట్టలు చుట్టి పెడతారు. నాలుక మీద ముందు ఉప్పు, తరవాత వేయించిన జీడిపప్పు లాంటి కమ్మదనం, ఆఖర్న ఆ పూల వాసన. నేను ఊహించుకున్నానని మా అమ్మాయి అంది. అనుకోనీ.

సెప్టెంబరులో తూన్ సరస్సు పక్కన యుస్టిస్ లోయలో ఆ వేసవి జున్నంతా పేర్చి, ఎవరి ఆవు ఎన్ని పాలిచ్చిందో ఆ లెక్కన పంచుకుంటారు. ఏ కుప్ప ఎవరిదో చీటీలు తీస్తారు. ఆవులకు పూల కిరీటాలు కట్టి, పెద్ద గంటలు వేసి కిందికి దించుతారు. మన కనుమ నాడు కొమ్ములకు రంగులేసి ఊరేగించినట్టే. ఈ కొండమేత కాలం మొత్తాన్నీ 2023లో యునెస్కో మానవాళి వారసత్వపు పట్టికలో చేర్చింది.

మంచు రైలెక్కి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కూడా వెళ్ళాం. ఐగర్, మ్యోంఖ్ కొండల కడుపులోంచి పదహారేళ్ళు తవ్వి 1912లో 3,454 మీటర్ల ఎత్తుకు రైలు తెచ్చిన మొండివాళ్ళకు దణ్ణం. పైన మంచు ఉంది, జనం ఉన్నారు, సెల్ఫీలు ఉన్నాయి. గడ్డి లేదు. మధ్యాహ్నానికి దిగి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటావిడ లోయ చివరి మంచుగోడను చూపించి, చేత్తో గోడ దాటినట్టు సైగ చేసింది. బ్రైట్‌హార్న్ శిఖరానికి అవతల ల్యోచెన్ లోయ. అక్కడ బ్లాటెన్ అనే ఊరు ఉండేది. అచ్చం ఇలాంటి నల్లటి చెక్క ఇళ్ళే. 2025 మే 28న పైనున్న మంచునది, కొండచరియ కలిసి జారి ఊరిని దాదాపు మొత్తం కప్పేశాయి. ప్రమాదం ముందే పసిగట్టి మూడువందల మందిని తొమ్మిది రోజుల ముందు ఖాళీ చేయించారు. నడవలేని ఆవును హెలికాప్టర్‌కు కట్టి తరలించారు. ఒక మనిషి మాత్రం దక్కలేదు. ఈ దేశపు మంచునదులు 2022, 2023 రెండేళ్ళలోనే పదోవంతు కరిగిపోయాయి. ఆమె అవేవీ చెప్పలేదు. "వాళ్ళ గడ్డి" అని మాత్రం అంది. అల్లుడు ఆ ఒక్క మాటనే తెలుగు చేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం లోయ మీంచి నల్లగా మబ్బు లేచింది. ఎండిన గడ్డి ఇంకా వాలు మీదే ఉంది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పక్కింటివాళ్ళు వచ్చేశారు, బడి పిల్లలొచ్చారు, మోకాళ్ళ నొప్పుల నేనూ వెళ్ళాను. ఇంటావిడ నా చేతికి చెక్క పళ్ళున్న పొడుగు కర్ర ఇచ్చింది. నా వైపు లాగితే ఎండుగడ్డి గరగరలాడుతూ వచ్చేది, వాసన గుప్పుమనేది. కొత్త వామి మీదికి ఎక్కి తొక్కేటప్పుడు మా నాన్న చొక్కాకుండే వాసన. మోపులు కట్టి, తలకెత్తుకుని, కొట్టంలోకి దొర్లించారు. ఆఖరి మోపు లోపల పడ్డాక తలుపు మూస్తుంటే పెంకుచెక్కల మీద టపటపా మొదలైంది. అందరం చూరు కింద నిలబడి నవ్వుకున్నాం. ఎవరి భాషలో వాళ్ళం.

వాన గంటలో తెరిపిచ్చింది. మబ్బు విడిపోయి ఎదుటి శిఖరాలు బయటపడ్డాయి. కింద లోయలో చీకటి పడిపోయింది. పైన మంచు మాత్రం ఇంకా పగటిలోనే ఉంది. ముందు మామిడిపండు రంగు, చూస్తుండగానే పారాణి రంగు, ఆ తరవాత ఎవరో లోపలినుంచి దీపం తగ్గిస్తున్నట్టు బూడిద. అల్లుడు ఫోన్ తీశాడు. మా అమ్మాయి నోట మాట లేదు.

ఇంటావిడ అటు చూడలేదు. గుమ్మం దిగి, వంగి, ఇంకా కొయ్యని వాలులో గడ్డిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసింది. ఆకాశం వంక ఒకసారి చూసింది. నావైపు తిరిగి ఐదు వేళ్ళు చూపించి, కొడవలి ఊపు ఊపింది. తడి గడ్డి పదునుగా తెగుతుందట, పొద్దున్నే ఐదింటికి.

"ఉదయం రైలు వద్దు నాయనా, మధ్యాహ్నం వెళదాం" అన్నాను.